స్టార్టర్ పెట్టె తలుపు మీద నంబరు

జనగామకు కాస్త దూరంలో ఒక చిన్న ఊళ్లో మా నాన్నకు మోటార్ల వైండింగ్ దుకాణం ఉండేది. చుట్టుపక్కల పది పన్నెండు ఊళ్లలో ఎవరి బోరు మోటారు కాలినా ఆయన దగ్గరికే వచ్చేది. కాలిన తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, మళ్లీ పొలానికి తీసుకెళ్లి బోరులోకి దింపించి, కరెంటు వచ్చేదాకా గట్టు మీద కూర్చునేవారు. నీళ్లు పడడం కళ్లారా చూశాక సంచిలోంచి ఎర్ర పెయింటు డబ్బా, సన్న కుంచె తీసేవారు. స్టార్టర్ పెట్టె తలుపు తెరిచి, లోపలివైపు తన సెల్ నంబరు రాసేవారు. బయట రాస్తే ఎండకు వెలిసిపోతుందని లోపల.

అప్పట్లో పొలాలకు రోజుకు ఏడు గంటల కరెంటు. అదీ విడతలుగా, ఒక విడత తరచుగా రాత్రిపూట. వోల్టేజీ పడిపోయి మోటార్లు కాలేదీ ఆ వేళల్లోనే. అర్ధరాత్రి రెండు గంటలకు రైతు టార్చిలైటు పట్టుకుని పెట్టె తెరిస్తే ఎదురుగా కనిపించేది ఆ పది అంకెలే. నాన్న దుకాణం రెండుసార్లు చోటు మారింది. ఆ సంగతి చాలామంది రైతులకు తెలియను కూడా తెలియదు. వాళ్లకు దుకాణమంటే ఆ నంబరు. వందల పెట్టెల మీద ఎర్ర రంగులో ఉన్న ఆ నంబరే ఆయన సంపాదించుకున్న ఆస్తి.

ఆ నంబరు ఇచ్చిన కంపెనీ సిగ్నల్ మాత్రం ఊరు దాటితే అందేది కాదు. పొలాల్లో ఉన్నంతసేపు ఆయన ఫోను మూగది. రైతు ఫోను చేస్తే 'కవరేజి ప్రాంతంలో లేరు' అని వినిపించేది. మరుసటి రోజు ఆ మోటారు ఇంకో మెకానిక్ దగ్గర ఉండేది. దానికి తోడు బ్యాలెన్సు తనంతట తానే తరిగిపోయేది. ఒకసారి నెలకు ముప్పై రూపాయల చొప్పున మూడు నెలలు పోయాక, ఎవరో రైతు "మీ ఫోనులో పాట బాగుంది అన్నా" అంటే తెలిసింది, ఆయన అడగని కాలర్ ట్యూన్ ఒకటి ఆయన నెత్తిన పెట్టారని. కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే అంకెలు నొక్కించి నొక్కించి లైను పెట్టేసేవారు. నేను సిమ్ మార్చేయమని పోరుపెట్టేవాణ్ని. ఆయన ఒకటే మాట అనేవారు: "నేను ఎక్కడికీ పోలేనని వాళ్లకు తెలుసురా."

ప్రభుత్వం, మార్కెట్ అనే ఈ పెద్ద గొడవలో నాకున్న అభిప్రాయమంతా ఆ మాటలోంచే పుట్టింది.

ఈ మధ్య ఒక పెళ్లిలో మా బావకూ మా బాబాయికీ ఇదే విషయం మీద పెద్ద వాదన జరిగింది. బావ సొంతంగా వ్యాపారం చేస్తాడు. బాబాయి టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ప్రభుత్వం చేతులు తీసేసిన తర్వాతే కదా కూలి చేసుకునేవాడి జేబులోకి కూడా ఫోను వచ్చింది, కాబట్టి ఏ సేవలోనూ సర్కారు వేలు పెట్టకూడదని బావ. ప్రైవేటుకు వదిలేస్తే మొదట చౌకగా ఇచ్చి, అలవాటయ్యాక పిండుకుంటారు, రేట్లు ప్రభుత్వమే పెట్టాలని బాబాయి. ఇద్దరూ సాక్ష్యానికి తెచ్చింది ఫోనునే. ఆ కథ మొత్తం చెప్పుకుంటే ఇద్దరి వాదనా నిలవదని నా నమ్మకం.

1991లో 84 కోట్ల జనాభాకు మన దేశంలో ఉన్న టెలిఫోన్లు సుమారు 50 లక్షలు. ఇచ్చేది ఒకే ఒక్క సర్కారు శాఖ. దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. నాన్న దుకాణానికి ఫోను కావాలని డిపాజిట్ కట్టిన నాలుగేళ్లకు వచ్చింది. వచ్చాక వానాకాలమంతా చచ్చిపడి ఉండేది. లైన్‌మన్‌కు దసరా మామూలు ఇచ్చిన ఇంటి వైరు ముందు బాగుపడేది. కోపమొస్తే ఫోను వెనక్కి ఇచ్చేయవచ్చు, కానీ ఇంకెవరి దగ్గర తీసుకుంటాం? బాబాయి ఆ రోజుల్ని తలుచుకుని గర్వపడతారు. ఆయన వరకు ఆయన నిజాయితీగా పనిచేశారు, అందులో సందేహం లేదు. కానీ పోవడానికి ఇంకో చోటు లేని ఖాతాదారును ఏ సంస్థా ఎక్కువకాలం పట్టించుకోదు. అది సర్కారుదైనా అంతే.

అయితే ప్రైవేటు రాగానే ఏం జరిగిందో బావ చెప్పడు. 1994 విధానం తర్వాత 1995లో సెల్‌ఫోన్లు మొదలయ్యాయి. ఒక్కో సర్కిల్‌కు, అంటే దాదాపు ఒక రాష్ట్రమంత ప్రాంతానికి, ఇద్దరికే లైసెన్సు. నిమిషానికి 16 రూపాయల దాకా వసూలు చేశారు. పైగా మనం చేసిన కాల్‌కే కాదు, మనకు వచ్చిన కాల్‌కూ డబ్బు కట్టాలి. ఫోను మోగితే ఎత్తాలా వద్దా అని ఆలోచించే రోజులవి. మార్కెట్ వచ్చింది కానీ పోటీ రాలేదు. మూడో కంపెనీగా బీఎస్‌ఎన్‌ఎల్, నాలుగో కంపెనీగా మరో ప్రైవేటు సంస్థ దిగాక రేట్లు గట్టిగా తగ్గాయి. అంటే మూడో దుకాణం తెరిచింది ప్రభుత్వమే. ఈ సంగతి బావకూ నచ్చదు, బాబాయికీ సగమే నచ్చుతుంది.

2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. ఏ కంపెనీ దయతలచి ఇచ్చిందీ కాదు అది. కాల్ చేసినవాడే ఖర్చు భరించాలి, అందులో కొంత ఎదుటి కంపెనీకి చెల్లించాలి అని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్క మార్చింది. ఆ ఒక్క మార్పుతో కూరగాయల బండి వాడూ, ఆటో డ్రైవరూ, మా నాన్నా ఫోను కొనుక్కోగలిగారు. మిస్డ్ కాల్ అనేది మన జీవితంలోకి అప్పుడే వచ్చింది. పొలం నుంచి రైతు ఒక్క రింగ్ ఇస్తే చాలు, నాన్న తిరిగి చేసేవారు.

మార్కెట్ చేసిన మేలును కూడా అంతే గట్టిగా చెప్పాలి. అప్పటిదాకా పది సెకన్లు మాట్లాడినా నిమిషం డబ్బు పోయేది. 2009లో కొత్తగా వచ్చిన ఒక కంపెనీ సెకనుకు పైసా అని ప్రకటించింది. చట్టంతో బలవంతం చేయాలా వద్దా అని నియంత్రణ సంస్థ ఆలోచిస్తూ ఉండగానే, నెలల్లో మిగతా కంపెనీలన్నీ దిగివచ్చాయి. "మోటారు కాలింది, పొద్దున్నే రా" అనడానికి ఆరు సెకన్లు, అంటే ఆరు పైసలు. ఏ ఆఫీసులో ఏ అధికారి కూర్చుని లెక్కకట్టినా ఆ రేటు పెట్టే ధైర్యం చేసేవాడు కాదు.

ఇంత జరిగినా నాన్న మాత్రం అక్కడే ఇరుక్కుపోయారు. సెకనుకు పైసా కావాలంటే కంపెనీ మారాలి, మారాలంటే నంబరు వదులుకోవాలి. అప్పటికి మన సర్కిల్‌లో పోటీ ముమ్మరంగా ఉంది, వీధికో సిమ్ బల్ల, గొడుగు. ఆ పోటీ అంతా కొత్త ఖాతాదారు కోసమే. పాతవాడు తన నంబరుకు కట్టుబడి ఉన్నాడు కనుక అతణ్ని ఎవరూ బతిమాలరు. స్వేచ్ఛా మార్కెట్ అనే మాటలో స్వేచ్ఛ ఎవరిదని అడిగితే, ఆ రోజుల్లో మా ఇంట్లో దొరికే జవాబు కంపెనీదనే.

నంబరు మారకుండా కంపెనీ మారే ఏర్పాటు ఉండాలని ట్రాయ్ 2006లోనే సిఫార్సు చేసింది. కంపెనీలకు అది ఇష్టం లేకపోయింది. గడువు మీద గడువు దాటింది. చివరికి 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటా అమల్లోకి వచ్చింది. నియంత్రణను సమర్థించే నాలాంటివాళ్లు ఈ నాలుగేళ్ల పైచిలుకు జాప్యాన్ని దాచకూడదు. నిబంధన రాసేవాడు నిద్రపోతే, లేదా నిద్రపుచ్చబడితే, నష్టపోయేది మామూలు మనిషే.

ఆ జనవరి చివర ఒక సాయంత్రం దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని నాన్న ఫోను నుంచి 1900కు మెసేజ్ పంపాను. పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, నంబరు. కాసేపటికి, కొత్త కంపెనీకి ఇవ్వాల్సిన ఎనిమిది అక్షరాల కోడ్ వచ్చింది. మరుసటి రోజు పొద్దున పది కూడా కాకముందే పాత కంపెనీ నుంచి ఫోను. ఏళ్ల తరబడి మేం అంకెలు నొక్కి బతిమాలినా పలకని కంపెనీ, ఇప్పుడు తనే పిలిచి "సార్, ఎందుకు వెళ్లిపోతున్నారు? మీకు ఏం ఇబ్బంది కలిగింది?" అని అడుగుతోంది. పోయిన డబ్బు వెనక్కి వేస్తామన్నారు, ఉచిత నిమిషాలిస్తామన్నారు. నాన్న చేతుల నిండా గ్రీజు. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టుకుని మొత్తం ఓపికగా విన్నారు. "అమ్మా, నువ్వు మంచిగా మాట్లాడుతున్నావు. ఈ మాటలు పోయిన ఏడాది మాట్లాడితే ఉండిపోయేవాణ్ని" అని పెట్టేశారు. మారడానికి అయిన ఖర్చు 19 రూపాయలు. ఇప్పుడైతే ఏడు రూపాయలు కూడా కాదు.

ఆ పొద్దుటి ఫోను నాకు ఎంతో నేర్పింది. ట్రాయ్ ఆ కంపెనీకి రేటు ఇంత ఉండాలని చెప్పలేదు. సెల్ ఛార్జీలను చాలాకాలంగా కంపెనీలే పెట్టుకుంటున్నాయి, ట్రాయ్‌కు తెలియజేస్తే చాలు. మర్యాదగా మాట్లాడమనీ ఎవరూ ఆదేశించలేదు. ఖాతాదారు లేచి వెళ్లిపోవచ్చు అన్న ఒక్క నిబంధన పెట్టారు, అంతే. మిగతాదంతా పోటీ చేసింది. నేను ప్రభుత్వాన్ని అడిగేది ఇటువంటి నియంత్రణను. సేవ వాడుకునేవాడు నష్టం లేకుండా బయటికి వెళ్లగలుగుతున్నాడా అన్నది చూడాలి. వెళ్లలేకపోతే ఆ అడ్డు తొలగించాలి. ధర ఎంత ఉండాలో తేల్చే పనిని మాత్రం వీలైనంత వరకు నెత్తిన వేసుకోకూడదు.

ధర పెట్టడానికి పోతే ఏమవుతుందో హైదరాబాదులో ఆటో ఎక్కినవాళ్లందరికీ తెలుసు. 2014లో సర్కారు పెట్టిన రేటు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, తర్వాత కిలోమీటరుకు 11. పదేళ్లయినా అది కాగితం మీద మారలేదు. గ్యాసు ధర మారింది, ఇంటి అద్దెలు మారాయి, పిల్లల ఫీజులు మారాయి. డ్రైవరు మీటరు వేస్తే ఇల్లు గడవదు, వేయకపోతే చట్టం తప్పినవాడవుతాడు. ప్రయాణికుడికి బేరం తప్పదు. ఆ రేటు ఎవరినీ కాపాడలేదు, ఇద్దరినీ కొట్లాటకు దింపింది.

ఇంకా తెలివిగా, మంచి ఉద్దేశంతో చేసినదీ బెడిసికొట్టిన ఉదాహరణ టీవీ ఛానెళ్లది. 2019 ఫిబ్రవరి నుంచి ఎవరికి కావలసిన ఛానెళ్లు వాళ్లు ఎంచుకోవచ్చన్నారు. చాలా మంచి మాట. వంద ఛానెళ్ల దాకా 130 రూపాయలు, పైన పన్ను, ఆ పైన మనం ఎంచుకున్న ఛానెళ్ల ధర. ప్యాకేజీలో చేర్చే ఛానెల్ విడి ధర 19 రూపాయలు మించకూడదని హద్దు పెట్టారు. ఏం జరిగింది? పేరున్న ఛానెళ్లు చాలావరకు సరిగ్గా 19 దగ్గరికే వచ్చి కూర్చున్నాయి. మనం రోజూ చూసే తెలుగు ఛానెళ్లలోనూ కొన్ని అంతే. మించకూడదన్న అంకె అందరి ధరగా మారింది. చాలా ఇళ్లలో కేబుల్ బిల్లు తగ్గకపోగా పెరిగింది. ఆ తర్వాత హద్దును 12కు దించారు, కోర్టుల చుట్టూ తిరిగారు, 2022లో మళ్లీ 19కే తెచ్చారు. ఈ మొత్తం తతంగంలో మా అమ్మకు మిగిలింది ఆపరేటరు ఇచ్చిన ప్యాకేజీయే. ఎంచుకునే హక్కు ఉందని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. ఊళ్లో ఉన్నది ఒకే కేబుల్ ఆపరేటరు.

బాబాయి వాదనకు నేను తలవంచే చోటు ఒకటుంది. ఇంటికి వచ్చే కరెంటు వైరు ఒక్కటే. నచ్చకపోతే పక్క కంపెనీ వైరు వేయించుకోలేం, వేయించడం దేశానికే దండగ. వెళ్లే దారి స్వభావరీత్యా లేనప్పుడు ధర మీద నిఘా ఉండి తీరాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1998 సంస్కరణల చట్టంతో విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడింది. ఛార్జీలు పెంచాలంటే డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ కంపెనీలు, లెక్కలు బయటపెట్టాలి, బహిరంగ విచారణలో రైతు కూడా లేచి నిలబడి ప్రశ్నించవచ్చు. నాన్న ఒకసారి వెళ్లారు. తక్కువ వోల్టేజీకి కాలిన మోటార్ల లెక్క, తేదీలతో సహా దుకాణం పుస్తకంలోంచి చదివి వినిపించారు. ఆ మైకు ముందు ఆయనకు దొరికిన మూడు నిమిషాలు మార్కెట్ ఇచ్చేది కాదు.

ఈ రెండు కొసల మధ్యే మన రోజువారీ బతుకంతా ఉంది. అక్కడ నా కొలత ఒకటే, వెళ్లిపోవాలంటే ఎంత పోగొట్టుకోవాలి? ఇంటి రుణం తీసుకున్నవాడు తక్కువ వడ్డీ ఇచ్చే బ్యాంకుకు మారదామంటే ముందే తీర్చినందుకు జరిమానా కట్టించుకునేవారు. వడ్డీ మారుతూ ఉండే ఇంటి రుణాల మీద ఆ జరిమానా వద్దని రిజర్వ్ బ్యాంకు 2012లో బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ఎంత ఉండాలో చెప్పలేదు, గేటు మాత్రం తీసింది. ఆరోగ్య బీమాలోనూ అంతే. పాత జబ్బులకు బీమా వర్తించడానికి ఏళ్ల తరబడి ఆగి, కంపెనీ మారితే ఆ కాలమంతా గంగలో కలిసేది. 2011 నుంచి ఆ కాలాన్ని కొత్త కంపెనీకి వెంట తీసుకెళ్లే వీలు వచ్చింది. అడగని కాలర్ ట్యూన్ల సంగతికి వస్తే, రెండుసార్లు స్పష్టంగా ఒప్పుకుంటేనే డబ్బు తీసుకోవాలని ట్రాయ్ 2013లో ఆదేశించింది. నాన్న తొంభై రూపాయలు పోయాక వచ్చిన న్యాయం అది, అయినా న్యాయమే.

"నచ్చకపోతే మానేస్తాడు, కస్టమరు పిచ్చివాడా?" అని బావ అంటాడు. పిచ్చివాడు కాదు. కానీ ఇవాళ ఫోనులో ఒక్క వేలితో చేరిపోయే సేవను మానేయాలంటే ఆ మీట ఎక్కడుందో వెతుక్కోవాలి. చేరడానికి ఒక అడుగు, వదలడానికి ఏడు అడుగులు పెట్టినవాళ్లు కావాలనే అలా పెట్టారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇటువంటి 13 మోసపు పోకడలను పేరుపేరునా నిషేధించింది. బయటికి వదలని చందాలు, బుట్టలో మనకు తెలియకుండా చేర్చే వస్తువులు, చివరి మెట్టులో బయటపడే అదనపు ఛార్జీలు అందులో ఉన్నాయి. వ్యాపారం మీద నమ్మకం ఉన్నవాడే ఈ నిబంధనల్ని ముందు కోరుకోవాలి. నిజాయితీగా మంచి సేవ ఇచ్చే దుకాణదారుకు, ఖాతాదారును బంధించి ఉంచే పోటీదారు కంటే పెద్ద శత్రువు ఎవరున్నారు?

బడులు, ఆసుపత్రుల విషయంలో ఈ కొలత ఇంకా కఠినంగా పనిచేస్తుంది. అత్యవసర గదిలో పడుకున్నవాడికి వెళ్లే దారి లేదు, అక్కడ బేరం మాట ఎత్తడమే అన్యాయం. తొమ్మిదో తరగతి పిల్లవాడిని మధ్యలో బడి మార్చడానికి ఏ తల్లీ సాహసించదు. అవి ఒక్కోటి ఒక్కో వ్యాసం.

మళ్లీ ఫోను దగ్గరికి వస్తాను, ఎందుకంటే అక్కడే నా వాదనకు గట్టి దెబ్బ తగిలింది. 2016లో జియో రాకతో డేటా చౌకైంది, దేశమంతా ఇంటర్నెట్‌లోకి వచ్చింది. ఆ పోటీలో కొన్ని కంపెనీలు మూతపడ్డాయి, కొన్ని కలిసిపోయాయి. ఒకప్పుడు వీధికో గొడుగు ఉన్నచోట ఇప్పుడు మూడు ప్రైవేటు కంపెనీలు, ఒక సర్కారు కంపెనీ. నెల అంటే 28 రోజులైంది, ఏడాదికి పదమూడు రీఛార్జీలు. ముప్పై రోజుల ప్లాను కనీసం ఒకటైనా ఉంచండని 2022లో ట్రాయ్ చెప్పవలసి వచ్చింది. మాటలకు మాత్రమే ఫోను వాడే ముసలివాళ్లకు డేటా లేని ప్యాకు ఇవ్వండని 2024 డిసెంబరులో చెప్పింది. ప్యాకులైతే వచ్చాయి. నాన్నలాంటివాళ్లు ఆశించినంతగా ధర మాత్రం తగ్గలేదు. పక్కవాడూ తగ్గించడని తెలిశాక ఎవరు తగ్గిస్తారు? తలుపు తెరిచి ఉంచితే చాలదు, వెళ్లడానికి ఇంకో ఇల్లు కూడా ఉండాలి. అందుకే బీఎస్‌ఎన్‌ఎల్‌ను బతికించడం దానధర్మం అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ నాలుగో దుకాణం బలంగా ఉంటే, దాని గుమ్మం ఎన్నడూ తొక్కనివాడికి కూడా తన కంపెనీ దగ్గర మర్యాద దక్కుతుంది. 1990లలో ఇద్దరే ఉన్నప్పుడు 16 రూపాయలు కట్టిన దేశం ఈ మాట మరిచిపోకూడదు.

2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ రోజుల తేడాతో రేట్లు పెంచినప్పుడు లక్షల మంది బీఎస్‌ఎన్‌ఎల్‌కు మారారు. నాన్న ఇప్పుడు దుకాణానికి అంతగా వెళ్లరు, శిష్యుడు చూసుకుంటున్నాడు. కానీ ఆ నంబరు ఆయన దగ్గరే ఉంది, రాత్రిళ్లు ఇప్పటికీ మోగుతుంది. ఈసారి మెసేజ్ ఆయనే పంపుకున్నారు, కోడ్ వచ్చింది. అది నాలుగు రోజులు చెల్లుతుంది. ఆ నాలుగు రోజులూ మిత్రుడి దగ్గర బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ ఉన్న ఫోను అడిగి తీసుకుని, శిష్యుడి బండి వెనక కూర్చుని, తన పాత ఊళ్లు తిరిగారు. ఒక్కో బావి దగ్గర ఆగి, స్టార్టర్ పెట్టె పక్కన నిలబడి ఫోను పైకెత్తి చూశారు. ఎనిమిది ఊళ్లలో మూడింట్లోనే సిగ్నల్ దొరికింది. ఐదో రోజు పొద్దున ఉన్న కంపెనీకే, పెరిగిన రేటుకే రీఛార్జి చేయించారు. వచ్చే ఏడాది మళ్లీ తిరిగి చూస్తానని ఆ ఊళ్ల పేర్లు దుకాణం పుస్తకంలో రాసుకున్నారు.